పేరు పిలవని పేగు

ఒకప్పుడు మనిషి పేగు తనంతట తాను కదిలేది కాదు. నవ్వకండి, నిజంగానే. నోరు నమిలేది, గొంతు మింగేది, కడుపు మెత్తగా రుబ్బేది. పేగు మాత్రం చుట్టలు చుట్టుకుని పడుకుని, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తప్ప లేచేది కాదు.

పిలవాల్సింది ఇంటి పెద్ద. అందరూ పంక్తిలో కూర్చుని తిని ఆకులు మడిచాక, ఆయన చెయ్యి కడుక్కుని గొంతు సవరించుకునేవాడు. "ఫలానావాడి పేగూ, కదులు!" అని వరసగా పిలిచేవాడు. పేరు వినగానే పేగు లేచేది. ముద్దకి వెనకవైపు బిగుసుకుని, ముందువైపు వదులై, దాన్ని మెల్లగా నెట్టుకుంటూ పోయేది. దారిలో సారమంతా పీల్చుకుని, మిగిలిన పిప్పిని బయటికి పంపేసేది.

గవరయ్య ఇంట్లోనూ అదే పద్ధతి. ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. "కోడలు కూడా తిననియ్యి. దాన్ని పిలిసి అప్పుడు తొంగుందువుగాని" అని ఆ ముసలమ్మ మొగుడి కండువా పట్టుకుని కూర్చోబెట్టేది.

ఆమె పోయింది. వండటం, వడ్డించడం, ఎంగిలాకులు ఎత్తడం అంతా కోడలు నూకాలు మీద పడింది. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఏం మిగిలితే అది తినేది. అప్పటికి గవరయ్య పేర్లు పిలవడం అయిపోయేది, గురక కూడా మొదలయ్యేది.

తిన్నది తిన్నట్టే లోపల ఉండిపోయింది. దాని మీద ఇంకో పూట, ఆపైన ఇంకో పూట. నూకాలు పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. వంగి పొయ్యి ఊదలేకపోయింది. మొగుడు పైడయ్యతో చెప్పుకుంది.

"అయ్యని నానడగలేనే. నువ్వే అడుగు," అన్నాడు పైడయ్య. అతని పేగు రోజూ కదులుతోంది, అతనికేం!

నూకాలు వెళ్ళి మామగారి మంచం దగ్గర నిలబడింది.

"మావా, నా పేరు కూడా ఒక్కపాలి పిలు మావా. పొట్ట పగిలిపోతంది."

"మీ అత్త పోరు పడలేక పిలిసీవోన్ని గానీ, పంక్తిలో కూకున్నోల్నే పిలుత్తారు. నిలబడ్డోల్ని పిలిత్తే ఊరోలు నవ్వరేటి? తాతలనాటి పద్దతి, నాను మార్సలేను," అన్నాడు గవరయ్య.

"మరి నాను కూకుంటే ఒడ్డించీదెవరు మావా?"

గవరయ్య కండువా మొహం మీద కప్పుకుని పడుకున్నాడు.

నూకాలు వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"నూకాలు పేగూ, కదులమ్మా," అంది తనే.

పేగుకి వినపడింది. బాగానే వినపడింది. "పెద్దాయన గొంతు పిలిస్తేనే నేను లేవాలి తల్లీ. నీ గొంతుకి లేస్తే తప్పు కదా?" అంది భయం భయంగా.

"నా పొట్టలో ఉండి నా మాట ఇనవా?" అంది నూకాలు.

పేగు కదల్లేదు. పద్ధతి తెలిసిన పేగు మరి! నూకాలు మళ్ళీ మళ్ళీ పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. చివరికి అక్కడే, కడగని గిన్నెల మధ్య, ప్రాణం పోయింది.

ఆమెని మోసుకెళ్ళి వచ్చి, ఇంట్లోవాళ్ళంతా స్నానాలు చేసి భోజనానికి కూర్చున్నారు. ఆకలి ఆగదు కదా. గవరయ్య చెయ్యి కడుక్కుని "గవరయ్య పేగూ, కదులు!" అని మొదలుపెట్టి వరసగా అందరినీ పిలిచాడు.

ఏ పేగూ లేవలేదు. అన్ని పొట్టల్లోంచీ గురగురమని చప్పుడు మాత్రం వచ్చింది.

"అదేటి, ఇనపడలేదా?" అని కసిరాడు గవరయ్య.

"వినపడింది," అంది ఆయన పేగు. "నూకాలు పేగు చచ్చేముందు ఏడ్చిన ఏడుపు కూడా వినపడింది. 'అడిగింది, నోరు తెరిచి అడిగింది, నేను కదల్లేదు' అని ఏడ్చింది. మాకు సిగ్గేసింది. ఇకమీదట ఎవరి గొంతూ మాకు అక్కర్లేదు. అన్నం లోపలికి వస్తే మేమే లేస్తాం, మేమే నెడతాం. రాజు తిన్నా అంతే, గిన్నె అడుగు మాడు తిన్నా అంతే."

గవరయ్యకి కంగారు పుట్టింది. కోడలు పోయినప్పుడు పుట్టని కంగారు!

"నలుగురిలో కూకున్నప్పుడు మీరు తోసీసేరంటే నా పరువేటవుద్ది? కూసింతైనా నా సేతిలో ఉంచండి!"

పేగులు గురగురమంటూ మాట్లాడుకున్నాయి. "సరే, చివర్న రెండు తలుపులు పెడతాం. లోపలి తలుపు మాది, వేళ అయితే దానంతటదే తెరుచుకుంటుంది. బయటి తలుపు మీది. ఎవరి తలుపు వాళ్ళ చేతిలో ఉంటుంది. మేము పిలిచాక కాసేపు ఆగొచ్చు. ఊరికే ఆపుతూ పోయారంటే మాత్రం పిప్పిలో ఉన్న తడంతా పీల్చేస్తాం. గట్టిపడ్డాక మీరు కూర్చుని ఏడవాలి."

ఎవరి తలుపు వాళ్ళ చేతిలో ఉంటే ఇంకో నూకాలు చావదని పాపం ఆ పేగులు అనుకున్నాయి. పేగులకి మనుషుల సంగతి ఏం తెలుసు?

ఏడాది తిరక్కముందే గవరయ్య కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేశాడు. కొత్త కోడలి పేరు సన్యాసమ్మ. ఒకరోజు పులుసు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె గరిటె కింద పెట్టి పెరటివైపు అడుగేసింది. లోపల పేగు పిలుస్తోంది మరి.

"ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు గవరయ్య. "ముందు ఒడ్డించు. మగోలు తిరిగే ఏల కూడాను. పొద్దుగూకినాక ఎల్దువుగాని."

సన్యాసమ్మ పళ్ళు బిగించి గరిటె అందుకుంది.

అప్పటినుంచే మన పేగులు ఎవరూ పిలవకపోయినా తమ పని తాము చేసుకుపోతున్నాయి. కడుపులో గురగురమంటే అవి నూకాలు మాట చెప్పుకుంటున్నాయన్నమాట. ఆపుకుంటే గట్టిపడి ఏడిపించేదీ అప్పటినుంచే. బయటి తలుపు మాత్రం ఆడవాళ్ళ ఒంట్లో ఉన్నా, ఆగమనే గొంతు ఇంకొకరిదిగా ఉండిపోయింది. బడిలో మరుగుదొడ్డికి తాళం వేసి "బెల్లు కొట్టేదాకా ఆగలేవా?" అని ఆడపిల్లని అందరి ముందూ నిలబెట్టినప్పుడల్లా నాకు గవరయ్య గొంతే వినపడుతుంది, ఒళ్ళు మండుతుంది.

మీ పేగు పిలిచినప్పుడు లేచి వెళ్ళిపోండర్రా. ఎవర్నీ అడక్కండి. నూకాలు అడిగింది.