పేరిందేవి చెప్పని మాట

గొడుగుపురుగును చంపింది వీరుడి కత్తే. కానీ దాని గుహ తలుపు తెరిచింది మాత్రం పేరిందేవి నోరు. ముందే చెబుతున్నాను చిట్టీ, తర్వాత ఏడిస్తే నేను ఊరుకోబెట్టను.

అనగనగా ఒక వీడియో ఆట, ఆ ఆటలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక్కొక్క మాటే పని. వీరుడు దగ్గరికి రాగానే ఎవరి మాట వాళ్ళు చెప్పాలి. కమ్మరి గంటయ్య "కత్తి కావాలా, డాలు కావాలా?" అనాలి. నీళ్ళు మోసే పేరిందేవి "బాబ్బాబు, కొండగుహలో గొడుగుపురుగుంది, చంపి పుణ్యం కట్టుకో" అనాలి. ఆమె అలా అంటేనే గుహ తలుపు తెరుచుకుంటుంది. వీరుడు వెళ్ళిపోయాక ఎవరి కబుర్లు వాళ్ళవి.

గొడుగుపురుగంటే జెల్లీచేప లాంటిదే. ఇది మాత్రం గాల్లో తేలుతుంది. వీరుడి తలకి అతుక్కుని ప్రాణం పీల్చేస్తుంది. తెర మీద పైన ప్రాణం గీత ఉంటుంది చూడు, అది తరిగిపోతుంది.

మొదటి ఆటలో పేరిందేవి తన మాట గట్టిగా చెప్పింది. వీరుడు వెళ్ళి దాన్ని చంపాడు. మంచి పనైంది అనుకుని ఆమె నీళ్ళకి పోయింది.

ఆ తర్వాత ఆటకి రెండో భాగం వచ్చింది. గొడుగుపురుగు మళ్ళీ పుట్టింది. పాత సంగతులు ఊరివాళ్ళకి గుర్తున్నాయి, దానికి లేవు. ఒకరోజు అది గుహ కప్పు సందులోంచి బయటికొచ్చి పేరిందేవి నెత్తిన వాలింది. ఆమె బిందె వదిలేసి కేక పెట్టింది. ఏమీ కాలేదు. ఊరివాళ్ళకి ప్రాణం గీత ఉండదు, ఇక పీల్చడానికేముంది? తడిగుడ్డలా చల్లగా కూర్చుందంతే.

అప్పటినుంచి రోజూ వచ్చేది. ఆమె నెత్తికీ బిందెకీ మధ్య చుట్టకుదురులా ఒదిగిపోయేది.

"ఏం వదినా, కొత్త టోపీయా?" అన్నాడు గంటయ్య.

"నీ బట్టతలకి కావాలా మరిదీ?" అంది పేరిందేవి.

అప్పుడు వీరుడొచ్చాడు. పురుగు బెదిరి గుహలోకి పోయింది. తన మాట చెప్పడానికి పేరిందేవికి నోరు రాలేదు.

"చెప్పు వదినా," అన్నాడు గంటయ్య. "నువ్వు చెప్పకపోతే ఆట ఆగిపోతుంది. నా కొట్టూ ఆగిపోతుంది."

వినపడకుండా చెబితే సరిపోతుంది అనుకుంది పిచ్చిది. పెదవి కదిలీ కదలకుండా గొణిగింది. కానీ ఆ ఆటలో మాటలు తెర కింద అక్షరాలై పడతాయి. గొణిగినా, అరిచినా ఒకటే సైజు. తలుపు తెరుచుకుంది.

కాసేపటికి వీరుడు తిరిగొచ్చాడు. గొడుగుపురుగు రాలేదు. ఆమె బిందె ఖాళీగానే ఇంటికి తెచ్చుకుంది.

"మూడో ఆటలో మళ్ళీ పుట్టిందా అమ్మమ్మా?"

పుట్టింది. కానీ దానికి పేరిందేవి ఎవరో తెలీదు. ఆమె కుదురు లేకుండా, ఉత్త తలతో గుహ కింద నిలబడింది. అది పైనుంచే తేలిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా అంతే.

అప్పుడు వీరుడొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. పేరిందేవి నోరు తెరవలేదు.

"అది నీ పురుగు కాదు వదినా," అన్నాడు గంటయ్య. "నీది పోయింది. దీనికోసం ఊరందరినీ చంపుతావా?"

"నాది కాదని నాకు తెలీదా మరిదీ?" అంది ఆమె.

వీరుడు ఆమె చుట్టూ తిరిగాడు, కత్తి పిడితో పొడిచాడు, చివరికి విసుగెత్తి వెళ్ళిపోయాడు. ఇంకో వీరుడొచ్చాడు. వాడూ పోయాడు. గంటయ్య కొట్లో కత్తులు తుప్పు పట్టాయి. ఎదురింటివాళ్ళు పలకరించడం మానేశారు.

గొడుగుపురుగు ఒక్కసారి కూడా ఆమె దగ్గరికి రాలేదు. రమ్మని ఆమె పిలవలేదు. వీరుడు ఎప్పుడొచ్చినా పేరిందేవి బిందె దించి, అతని మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆ మాట మాత్రం మళ్ళీ చెప్పలేదు.

కథ పోయె కంచికి,
కునుకు చేరె కంటికి,
మనం చేరాం మంచానికి.