ఏనుగు నిచ్చెన

కొండగుమ్మడి జమీందారుగారికి గోల్ఫు పిచ్చి. పలక కాస్త మాత్రమే వాలిన ఇనుప కర్రతో ఆయన కొడితే బంతి గుంటను దాటిపోయి కాలవలో పడేది. పలక బాగా వెనక్కి వాలిన వెడ్జి అనే కర్రతో కొడితే ఆకాశానికి లేచి, గుంటకు ఇవతలే ఇసుకలో కూలబడేది. తప్పంతా కర్రల సంచి మోసే సూరప్పడిదే అనేవారు ఆయన.

"ఈ రెంటికీ నడిమి వాలున్న వెడ్జి ఒకటి కావాలి బాబుగారూ," అన్నాడు సూరప్పడు.

"దూరానికొకటుంది, దగ్గరకొకటుంది. మధ్యలో ఇంకోటి దేనికిరా? రేపు కూడా బంతి కాలవలో పడిందో, నీకు ఊళ్లో చోటుండదు!"

మర్నాడు జమీందారుగారు ఆటకు బయల్దేరి ఏనుగెక్కబోయారు. నిచ్చెన కింది మెట్టు మీద ఒక కాలు పెట్టి, చేతులతో పై మెట్టు పట్టుకుని, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయారు.

"ఒరేయ్, నడిమి మెట్లేవిరా?"

"నేనే ఊడదీశాను బాబుగారూ. కిందదుంది, పైదుంది. మధ్యలోవి దేనికని!" అన్నాడు సూరప్పడు చేతులు కట్టుకుని.

నౌకర్లు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. అంతలో ఏనుగు కదలబోయింది.

"చేయిస్తానురా, ఆ నడిమి వెడ్జి ఇవాళే చేయిస్తాను!" అని కేక పెట్టారు జమీందారుగారు. "ముందు ఏనుగును ఆపించు!"