చౌడమ్మ పెట్టిన గంజి

దక్షిణామూర్తి మాస్టారు తన వ్యానులో చేరడానికి వచ్చినవాళ్ళను భక్తి గురించి గానీ చదువు గురించి గానీ అడిగేవారు కారు. బట్టలు చూపించమనేవారు. ఒంటి మీద ఒక జత, తాడు మీద ఒక జత, పెట్టెలో ఒక జత, కప్పుకోవడానికి ఒక దుప్పటి. అంతకు మించి ఎవరికీ చోటు లేదు. ఒకప్పుడు బడిపిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన వ్యాను అది. సీట్లు పీకేసి, రెండు వైపులా బల్లలు కొట్టించి, వాటి కింద మనిషికొక రేకుపెట్టె అమర్చారు. పదకొండేళ్ళుగా ఆయన అందులోనే ఉంటూ, ఊరూరా తిరుగుతూ, సాయంత్రాలు నలుగురినీ కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతున్నారు.

తెల్లబట్ట వద్దనేవారు, రోడ్డు దుమ్ము దాన్ని రెండో రోజు బతకనివ్వదని. మందపు బట్ట వద్దనేవారు, ముసురు పడితే మూడు రోజులైనా ఆరదని. మడత పెట్టకుండా చాపలా చుట్టి పెట్టమనేవారు. వేదాంతం చెప్పే మనిషికి ఈ బట్టల గొడవేమిటని నవ్వినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళెవరూ వ్యానులో వానాకాలం గడపలేదు. వెనకటి రోజుల్లో హాస్టలు గదిలో నలుగురేసి ఉండి చదువుకున్నవాళ్ళకు ఈ సంగతి కొంత తెలుసు. ఒక్కడి తడి తువ్వాలు చాలు, నలుగురి పెట్టెలూ ముక్కిపోవడానికి. ఆ గదుల గురించి మొదలుపెడితే ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. అమరలింగం దగ్గరికి వద్దాం.

అమరలింగం చీరాల వైపు నేతగాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు. భార్య చౌడమ్మ పోయిన నాలుగో నెలలో మగ్గం గుంట పూడ్చేసి, తలుపుకు తాళం వేసి వచ్చి వ్యాను ఎక్కాడు. అతని పెట్టెలో లుంగీలున్నాయి, చొక్కాలున్నాయి, దుప్పటి లేదు. దుప్పటి ఉండవలసిన చోట పాలిథిన్ కవరులో ఒక చీర ఉంది.

"చలికాలం వస్తుంది లింగం" అన్నారు మాస్టారు.

"ఓర్చుకుంటానండి."

ఆయన పెట్టె మూత తనే వేశారు.

ఆ చీర సంగతి ఇది. చింతపిక్క రంగు ఒళ్ళు, పసుపు అంచు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో లెక్కలేనన్ని చీరలు నేశారు గానీ ఒక్కటీ చౌడమ్మ కట్టుకోలేదు. నేసింది నేసినట్టే, నూలిచ్చి నేయించుకునే మేస్త్రీ ఇంటికి పోయేది. ఈ ఒక్కటీ తనకోసమని ఆవిడే రంగు ఎంచుకుంది. ఆవిడే గంజి కాచింది, చారెడు కొబ్బరినూనె కలిపింది. తెల్లవారుజామున వీధిలో పడుగు నూలు బారుగా చాపి ఒక కొసన ఆవిడ, ఒక కొసన ఇతను నిలబడి గంజి పట్టించారు. చీర మగ్గం దిగిన నాడు ఆవిడకు జ్వరం. "తగ్గాక ఒకసారి జాడించి కట్టుకుంటాలే" అంది. తగ్గలేదు.

కట్టుకుని ఉంటే ఆవిడ ఒంటి వాసన అయినా దానికి ఉండేది. ఇప్పుడు ఆ చీరలో ఆవిడది అంటూ ఉన్నది ఆ గంజి ఒక్కటే. అందుకే అమరలింగం దాన్ని నీళ్ళకు చూపించలేదు. గాలికైనా చూపించలేదు. నేతగాడికి బట్ట నేయడం తెలుసు గానీ దాచడం తెలియదు. వారం తిరిగేసరికి ఇల్లు దాటిపోయే బట్టను దాచవలసిన అవసరం అతనికి ఎన్నడు వచ్చింది గనక? గంజి ఉన్న బట్టను ఊపిరాడకుండా మూట కడితే ఏమవుతుందో ఏ చాకలినడిగినా చెప్పేవాడు. అతను ఎవరినీ అడగలేదు.

శ్రావణంలో తొమ్మిది రోజులు ముసురు పట్టింది. వ్యానులో పులిసిన వాసన మొదలైంది. డ్రైవరు ఖాసిం నోరు ఊరుకునేది కాదు.

"లింగమన్నా, నీ పెట్టెలో దోసెల పిండి గానీ దాచావా? దాస్తే దాచావు, ఒక అట్టు మా మొహాన కూడా పడెయ్."

"నా పెట్టె జోలికి రాకు ఖాసిం."

"నేనెందుకొస్తాను? అదే నా ముక్కు జోలికి వస్తోంది."

పదో రోజు ఎండ కాసింది. రోడ్డు పక్క చేతిపంపు కనిపిస్తే వ్యాను ఆపి, అందరి బట్టలూ తుప్పల మీద ఆరవేశారు. అమరలింగం వ్యాను చాటుకు పోయి కవరు విప్పాడు. పసుపు అంచు పొడవునా నల్లటి బూజు చుక్కలు. చేత్తో తుడిచాడు. పోలేదు. వేళ్ళకు జిగురు తగిలింది.

చీర రెండు చేతుల మీదా పెట్టుకుని మాస్టారి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఉతికితే ఆవిడ పోతుందండి. ఉతక్కపోతే చీర పోతుంది. ఏది ఉంచుకోమంటారు?"

ఊరి జనానికైతే ఆయన దీనికి గంటసేపు సమాధానం చెప్పగలరు. ఆ రోజు మాత్రం లేచి వెళ్ళి, డెబ్బై ఏళ్ళ చేతులతో పంపు కొట్టి, బకెట్టు నింపి తెచ్చి అతని ముందు పెట్టారు. తానూ పక్కనే గొంతుక్కూర్చున్నారు. చాలాసేపటికి అమరలింగం చీరను నీళ్ళలోకి దించాడు. నీళ్ళు మెల్లగా తెల్లబడ్డాయి. పులుపు కింద నుంచి ఉడికిన బియ్యం వాసన, ఎక్కడో కాస్త కొబ్బరినూనె వాసన పైకి లేచాయి. అతను తల పక్కకు తిప్పుకున్నాడు, చేతులు మాత్రం ఆపలేదు.

"ఈ గంజి ఎందుకు పెడతారు లింగం?" మాస్టారు నిజంగా తెలియనివాడిలా అడిగారు.

"మగ్గం మీద పోగు తెగకుండానండి."

"ఎంతకాలం ఉండాలి?"

"నేత అయ్యేదాకా..."

ఇద్దరూ చీర చెరొక కొసా పట్టుకుని పిండి, తాడు మీద వేశారు. చుక్కలు కొన్ని పోయాయి, కొన్ని ఉండిపోయాయి. బట్ట మెత్తబడి, గాలికి తేలిగ్గా కదులుతోంది. ఒంటికి కట్టుకోవడానికి వీలైన చీరలా అప్పుడే మొదటిసారి కనబడింది.

అమరలింగం వెనక్కి వచ్చి బకెట్టు పక్కన కూలబడి, రెండు చేతులూ ఆ తెల్లటి నీళ్ళలో పెట్టుకుని ఉండిపోయాడు. ఎండ తుప్పల మీద నుంచి రోడ్డు మీదికి జరిగింది. బట్టలన్నీ ఆరాయి. ఖాసిం వాటిని చుట్టి ఎవరి పెట్టెలో వాళ్ళవి సర్దేశాడు, చీరను మాత్రం ముట్టుకోలేదు. ముందున్న ఊళ్ళో మాస్టారి మాట వినడానికి జనం వచ్చి కూర్చునే వేళయింది. పదకొండేళ్ళలో ఆయన ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

ఖాసిం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "అయ్యగారూ, జనం ఎదురుచూస్తుంటారు. చీర ఆరిపోయింది. ఇంక మిగిలింది ఆ నీళ్ళే కదా, నేను పారబోసేస్తాను."

మాస్టారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"అవి ఇంకా నీళ్ళు కాలేదు ఖాసిం. కూర్చో."