గొంగళిలో కన్నం

ఒక రాజు పావురాల పందెంలో ఏటా ఓడిపోయేవాడు.

ఓడిపోవడం పెద్ద సంగతేం కాదు. ఆ పైవాడి ముందు గెలిచినవాడెవడు గనక! కానీ పొరుగు రాజు ఊరుకునే మనిషి కాదు. పందెం ముగిసిన మర్నాడే ఒక వెండి పళ్ళెం పంపేవాడు. పళ్ళెం మీద పట్టుగుడ్డ. ఆ గుడ్డ తీస్తే కింద గుప్పెడు ఈకలు. "తమ పావురాలు దారిలో పారేసుకున్నాయి ప్రభూ. మా రాజుగారు ఏరించి భద్రంగా పంపించారు" అని దూత నవ్వు ఆపుకుంటూ చెప్పేవాడు.

పాపం, ఆ పావురాల తప్పేముంది? పందెం కుర్ర పావురాలది, అంటే ఆ ఏడు గుడ్డులోంచి వచ్చినవాటిది. వానలు వెనకబట్టాక జరుగుతుంది. సరిగ్గా అప్పుడే పిల్ల పావురం పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. రెక్కలో పెద్ద ఈకలు లేని పావురం పళ్ళూడిన దువ్వెనలాంటిది. గాలి సందుల్లోంచి జారిపోతుంది, పక్షి వెనకబడిపోతుంది. పొరుగు రాజు పావురాలూ రాల్చేవే. కానీ నాయనా, ఓడినవాడి ఈకలే కదా అందరికీ కనబడేది!

ఆ ఏడు పళ్ళెం రాగానే రాజు తన పావురాల కాపరినీ, వంటవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టాడు.

"వచ్చే ఏడు కూడా ఈ పళ్ళెం నా గుమ్మం తొక్కిందా, గూట్లో పావురాలన్నీ వీడి కుండలోకి. నువ్వు వీడి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగు."

"చిత్తం" అన్నాడు కాపరి.

"చిత్తం చిత్తం" అన్నాడు వంటవాడు. ఆ రోజు నుంచి గూటి ముందుగా నడిచినప్పుడల్లా వాడికి అల్లం వెల్లుల్లి గుర్తొచ్చేవి.

కాపరి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. వాడికి ఆ పావురాలు తప్ప వేరే బిడ్డలు లేరు. భార్య చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగి వాడన్నాడు:

"పగలు ఎంత పొడుగుందో చూసుకునే కదా పావురం ఈక రాల్చేది. శీతకాలం పొట్టి పగళ్ళలో రాల్చదు చూడు. ఈసారి పుట్టే పిల్లలకి పగటిని నేనే కత్తిరిస్తాను."

"కత్తిరించు మావా. మిగిలిన ముక్కతో నాకో రవిక కుట్టించు."

నవ్వింది గానీ, నల్ల గొంగళ్ళు తెచ్చి, దబ్బనం పట్టుకుని, ఒకదానికొకటి కుట్టింది కూడా ఆవిడే. గూటి కటకటాలకు పైనుంచి కింద దాకా వేలాడే తెర తయారైంది. పొద్దు ఇంకా చింతచెట్ల మీద ఉండగానే కాపరి తెర దించేవాడు. ఊరంతా లేచి, పశువులు మేతకెళ్ళి, ఎండ కాళ్ళు చాపుకున్నాక ఎత్తేవాడు. ఊళ్ళో నిండు వేసవి. గూట్లో మాత్రం పొట్టి పగళ్ళ శీతకాలం.

ఇక్కడే వాడికి ఒక చిన్న జబ్బు పట్టుకుంది. తెర ఎత్తేటప్పుడు ఊరికే ఎత్తకుండా, "సూర్యుడా, లే!" అని కేకేసేవాడు. ఎత్తగానే లోపల వెలుగు నిండేది. వాడి కేకకీ వెలుగుకీ ఎన్నడూ తేడా రాలేదు. నాలుగు రోజులు తమాషాగా అన్నాడు. ఐదో నాటికి గొంతు సవరించుకుని అనడం మొదలెట్టాడు.

పావురాలు మాత్రం మొదటి రోజే నమ్మాయి.

"ఆయన లేపకపోతే సూర్యుడు లేవడు" అంది ఒకటి.

"వాడికి సిగ్గన్నది లేదు. ఎంత ఆలస్యంగా లేస్తాడో చూడు" అంది ఇంకొకటి.

పై దండెం చివర ఒక బూడిదరంగు పావురం ఉండేది. అది ఏమీ అనేది కాదు. ఎందుకంటే దాని మొహానికి ఎదురుగా గొంగళిలో ఒక కన్నం ఉంది. జొన్నగింజంత కన్నం. అందులోంచి అది సూర్యుణ్ణి రోజూ చూసేది. కాపరి గురకపెడుతున్నప్పుడే లేచేవాడు ఆయన. ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. సన్నని వెలుగు దారం ఒకటి కన్నంలోంచి దూరి, తిన్నగా దాని కంట్లో పడేది. మళ్ళీ సాయంత్రం తెర దిగాక కూడా చాలాసేపు, బయట ఎదుటి గోడ మీద పడిన ఎండ ఆ కన్నంలోంచి మెరుస్తూనే ఉండేది.

వానలు మొదలయ్యాయి. ఏటా గూట్లో ఈకలు దూదిలా ఎగిరే కాలం అది. ఈసారి ఒక్కటీ రాలలేదు. పావురాలన్నీ కొత్తగా వార్నీషు వేసిన బొమ్మల్లా నిగనిగలాడుతున్నాయి. బూడిద పావురం ఒక్కటే గంపెడు ఈకలు రాల్చి, మెడ దగ్గర గులాబి రంగు చర్మం కనబడేలా తయారైంది.

"చీపురొచ్చింది, జరగండి" అనేవి మిగతావి.

"ఓ మడీ మర్యాదా లేదు. నలుగురిలో ఇలా విప్పేసుకుని తిరగడమేంటి?"

కాపరి దాన్ని చూసి గుండెలు బాదుకున్నాడు. వెతికితే కన్నం కనబడింది. పైన, మనిషి చేతికి అందనంత ఎత్తున. నిచ్చెన వేసుకుని చూశాడు. ఎలుక కొరికినట్టు లేదు. దారాలు బయటినుంచి లోపలికి వంగి ఉన్నాయి, ఎవరో వేలు పెట్టి పొడిచినట్టు.

"ఏమే! ఇది ఎవరి పని?"

"నా చెయ్యి అంత ఎత్తు అందుతుందా మావా?"

"అయితే కుట్టెయ్యి."

"దబ్బనం కనబడ్డం లేదు. వెతుకుతున్నా."

మర్నాడు అడిగితే వెతుకుతున్నా అంది. వారం పోయాక అడిగినా వెతుకుతూనే ఉంది. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఆవిడ కొప్పు మాత్రం ఆ వారమంతా ఎందుకో చాలా గట్టిగా నిలబడింది.

"సరే, ఆ బోడిదాన్ని వంటవాడికి ఇచ్చేస్తా. ఎలాగూ రుచి చూడాలంటున్నాడు" అన్నాడు కాపరి.

"దాని జోలికి వెళ్ళావంటే రేపట్నుంచి సూర్యుణ్ణే కాదు, పొయ్యిని కూడా నువ్వే లేపుకో" అంది ఆవిడ. బూడిద పావురం దండెం మీదే ఉండిపోయింది.

పందెం దగ్గరపడింది. రాజు గూడు చూడ్డానికి వచ్చాడు. ఒక్కో పావురం రెక్క విప్పించి చూశాడు. ఒక్క ఈక తగ్గలేదు.

"ఎలా ఆపావురా?"

కాపరి తెర సంగతి చెప్పాడు. చెప్పేటప్పుడు, ఆ దేవుడు మన్నించుగాక, "సూర్యుడు ఇప్పుడు నా మాట వింటున్నాడు ప్రభూ" అని కూడా అన్నాడు.

రాజు నెమ్మదిగా చెయ్యెత్తి కిరీటం కింద వేలు దూర్చి తడుముకున్నాడు. ఆ కిరీటం కింద ఏముందో, ఏం లేదో, మంగలికి తప్ప తెలియదు. కొన్నాళ్ళుగా ఉదయం తలగడ మీద కనబడేవి చూసి రాజుకు రాజ్యం మీద ఆశ పోయింది.

"ఆ తెర నా పడకగదికి పంపు."

"ప్రభూ! పందెం..."

"పిట్ట ఈకకు పనిచేసింది రాజు వెంట్రుకకు పనిచెయ్యదా? పంపు."

తెర వెళ్ళిపోయింది. కాపరి వేరే గొంగళ్ళ కోసం సంతకు పరుగెత్తాడు. సంతలో గొంగళి ముక్క లేదు. రాజు చీకట్లో కూర్చుంటున్నాడని తెలియగానే మంత్రి రెండు గొంగళ్ళు కొన్నాడు. అది చూసి సేనాపతి నాలుగు కొన్నాడు. గొర్రెల కాపర్లు వానలో తడుస్తుంటే, కొలువు కొలువంతా పట్టపగలు చీకట్లో కూర్చుని జుట్టు కాపాడుకుంటోంది. రాజ్యకార్యాలు చీకట్లో జరిగినందువల్ల పెద్ద తేడా ఏం కనబడలేదంటారు.

గూట్లో మాత్రం తేడా వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగు కురిసింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఈకలన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి. కుడి రెక్కలో నాలుగు, ఎడమ రెక్కలో నాలుగు, తోకలో సగం. ఎవరు ఎవరో పోల్చుకోలేక పావురాలు ఒకదాన్నొకటి "తమరెవరు?" అని అడుక్కున్నాయి. చీపురు అన్న నోళ్ళన్నీ మూతపడ్డాయి. పై దండెం చివర బూడిద పావురం రెక్క విప్పింది. పాతది ఒక్కటీ లేదు. అన్నీ కొత్త ఈకలు, కత్తుల్లా.

వంటవాడు పెద్ద కుండ కడిగి ఎండలో బోర్లించాడు.

కాపరి ఆ రాత్రి గూటి ముందే పడుకున్నాడు. తెల్లవారుతుండగా నోటి దాకా వచ్చిన కేక, తెర లేక, నోట్లోనే ఉండిపోయింది. కేక లేకుండానే సూర్యుడు లేచాడు. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అక్కడ పడకగదిలో రాజు. "ఒక్కటీ రాలలేదు ప్రభూ" అని మంత్రి రోజూ చెప్పేవాడు. సేవకుడు చీకట్లోనే తలగడ తడిమి, దొరికినవి దొరికినట్టు బొడ్లో దోపుకునేవాడు. అంతా సుఖంగా సాగుతుండగా ఒక పొద్దున వెలుగు దారం ఒకటి వచ్చి తలగడ మీద వాలింది. అక్కడ ఒక తెల్లవెంట్రుక తళుక్కుమంది.

రాజు మంత్రిని పిలవబోయి ఆగాడు. వెలుగు దారం పట్టుకుని తెర దాకా నడిచాడు. గూడంత ఎత్తు లేదు ఆ కిటికీ. అందుకని తెర కిందికి జారి, కన్నం సరిగ్గా ఆయన కన్ను ఎత్తుకు వచ్చింది. కన్ను ఆనించాడు.

వీధిలో ఒక బోడితల తాత మనవడిని భుజాన ఎక్కించుకుని వెళ్తున్నాడు. ఆ పిల్లవాడు తాత తల మీద తబలా వాయిస్తున్నాడు. తాత పడీపడీ నవ్వుతున్నాడు. రాజు కన్ను తియ్యలేదు. ఆ రోజు నుంచి ఆయన చీకట్లో కూర్చోలేదు, కన్నం దగ్గర నిలబడ్డాడు. మంత్రి మాత్రం "ఒక్కటీ రాలలేదు ప్రభూ" అని ఖాళీ మంచానికి రోజూ చెబుతూనే ఉన్నాడు.

పందెం రోజు వచ్చింది. నదికి ఆవల కొండ మీద పొరుగు రాజు మనుషులు నిండు బుట్టలు దించారు. కాపరి పెద్ద బుట్ట మూత తీస్తే అడుగున ఒక్క పావురం.

"మిగతావి పట్టుగుడ్డ కింద ఉన్నాయా?" అని వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

కాపరి ఆ పావురాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దాని గుండె వాడి అరచేతిలో కొట్టుకుంటోంది. "బోడిదానా" అన్నాడు. దాని రెక్క నిమిరాడు. "వాళ్ళందరి ప్రాణం నీ రెక్క మీదుంది. పోయి రా తల్లీ." ఆకాశం వైపు చూసి, సూర్యుడితో మొదటిసారి కేకెయ్యకుండా మాట్లాడాడు. "కాస్త దారి చూపించు స్వామీ."

ఎవరి పావురం ముందు తమ కోట చేరితే వాళ్ళదే గెలుపు. బుట్టలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి.

పొరుగు రాజు పావురాలు ఈకలు రాలుస్తూ ఎగిరాయి. బూడిద పావురం ఏమీ రాల్చలేదు. దాని దగ్గర రాల్చడానికి ఏమీ మిగల్లేదు. నది దాటింది, కోట కనబడింది. గూడూ కనబడింది. కానీ గూటికి ముందు, రాజు కిటికీలో, తను పుట్టినప్పట్నుంచి ఎరిగిన నల్ల గొంగళి కనబడింది. అందులో ఆ కన్నం. పాత స్నేహితుణ్ణి పలకరించకుండా ఎలా పోతుంది? కిటికీ గడప మీద వాలి, కన్నానికి కన్ను ఆనించింది.

లోపల్నుంచి ఇంకో కన్ను దాన్ని చూస్తోంది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మరుక్షణం రాజు "వచ్చింది! మనదే వచ్చింది!" అని తెర రెండు చేతులా పట్టి పీకేసి, పావురాన్ని గుండెకు హత్తుకుని మేడ మీదికి పరుగెత్తాడు. కిరీటం మంచం కింద ఎక్కడో ఉంది. ఊరంతా తలెత్తి చూసింది. తోమిన రాగి చెంబులా రాజు తల ఎండలో ధగధగలాడింది.

ఎవరూ కిక్కురుమనలేదు. వీధి మధ్యలోంచి బోడితల తాత ఒక్కడే, తన తల తాను తట్టుకుని, "మా జాతే!" అన్నాడు. రాజు పగలబడి నవ్వాడు. అప్పుడు ఊరు నవ్వింది. వంటవాడు కుండ లోపలికి తీసుకెళ్ళి పప్పు పెట్టాడు.

పందెం మనదే అని తేలాక, ఆ సాయంత్రం వెండి పళ్ళెం ఇటునుంచి అటు వెళ్ళింది. పట్టుగుడ్డ కింద ఒక తెల్లవెంట్రుక. "ఇది మాదే. పారేసుకోలేదు, పంపిస్తున్నాం" అని మన దూత చెప్పాడు. పొరుగు రాజు కిరీటం సర్దుకున్నాడట.

మళ్ళీ ఏడు వచ్చింది. కొత్త పిల్లలు, కొత్త గొంగళ్ళు, కొత్త తెర. పందెం పందెమే కదా. కాపరి అంగుళం అంగుళం వెతికి, ఎక్కడా చిల్లు లేదని చూసుకుని కట్టాడు. మర్నాడు పొద్దు పొడవకముందే లోపలికి వెళ్ళేసరికి పైన, అదే ఎత్తున, అదే చోట, జొన్నగింజంత కన్నం. దారాలు లోపలికి వంగి ఉన్నాయి. ఈసారి పై దండెం మీద బూడిద పావురం పక్కన చోటు కోసం పిల్లలన్నీ తోసుకుంటున్నాయి.

"ఏమే!"

"నా చెయ్యి అందదు మావా."

వాడు పీట తెచ్చాడు. ఆవిణ్ణి ఎక్కించాడు. చెయ్యి చాపించాడు. నిజంగానే అందలేదు.

"మరి ఎవరి చెయ్యి అందుతుంది?"

ఆవిడ పీట దిగి, కొప్పులోంచి దబ్బనం తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇదిగో, దొరికింది. నువ్వే వెళ్ళి కుట్టు."

వాడు దబ్బనం పళ్ళ మధ్య పెట్టుకుని నిచ్చెన ఎక్కాడు. తెర వెనక చీకట్లో కలిసిపోయాడు. అన్నం ఉడికింది. ఆవిడ వార్చింది. చల్లారింది.

"కుట్టడం అయిందా మావా?" అని ఆవిడ కిందినుంచి కేకేసింది.

పైన బూడిద పావురం కొంచెం పక్కకు జరిగింది. పిల్లలు ఇంకొంచెం జరిగాయి. కన్నం ముందు ఒక మనిషి తల పట్టేంత చోటు అయింది.

"ఉండవే" అన్నాడు వాడు, దబ్బనం నోట్లోనే ఉండగా. "ఇప్పుడే లేస్తున్నాడు."