పైడమ్మ కాచిన కంచె

ఎప్పటి మాటో ఏమో గానీ, ఒక అడవి అంచున బొండపల్లె అనే ఊరుండేది. అడవికి ఎదురుగా వర్తకుడు వీరభద్రయ్య ఇల్లు. ఆ ఇంటి వెనకే పేదల వీధి. అడవి పందులు వీధిలోకి రాకుండా ఆపేది ఇంటితో పాటు వీధినీ చుట్టిన వీరభద్రయ్య కంచె ఒక్కటే.

ఆ కంచె ముందువైపు టేకు పలకలది. పక్కన ఇనుప ఊచలది. మిగిలిన వైపు మట్టి గోడ. మూడింటినీ కనిపెట్టుకుని ఉండేది పైడమ్మ.

ఏటా వానలకు ముందే వచ్చేది. పలకల నాచును కొబ్బరి పీచుతో తోమి, ఎండనిచ్చి, కానుగ నూనె పట్టించేది. ఊచల తుప్పును ఇటుక పొడితో రుద్ది ఆముదం రాసేది. గోడ బీటలు పూడ్చి, పేడతో అలికి, పైన కొత్త తాటాకు కప్పేది. ఆమె భర్త అప్పన్నకు ఒక కాలు చచ్చుబడింది. ఆ పేదల వీధిలోనే, తమ ఇంటి అరుగు మీద కూర్చుని బుట్టలు అల్లేవాడు.

ఒక ఏడు వీరభద్రయ్య ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

"పదేళ్లుగా చూస్తున్నాను పైడమ్మా. ఒక్క పలక విరగలేదు, ఒక్క ఊచ వంగలేదు. జబ్బే లేనిదానికి వైద్యమెందుకు? ఇక రానక్కర్లేదు."

"విరగలేదంటే నేను చూసుకుంటున్నాననే కదయ్యా!" అంది పైడమ్మ. ఆయన నవ్వి లోపలికి పోయాడు.

మొదటి వానాకాలం పోయాక ఆమె వచ్చి, "అయ్యా, పలకలకు చెద పట్టింది" అంది. వీరభద్రయ్య పలకలకు పచ్చరంగు వేయించాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

రెండో ఏడు వచ్చి, "అయ్యా, ఊచల మొదళ్లు తుప్పు తినేస్తోంది" అంది. మొదళ్లు కనబడకుండా ఆయన పూలకుండీలు పెట్టించాడు.

మూడో ఏడు, "గోడ మీద ఆకు లేచిపోయింది. కూలి వద్దు, నేనే కప్పిపోతాను" అంటూ తాటాకుల మోపుతో వచ్చింది. గోడెక్కి రెండు ఆకులు పరిచిందో లేదో, వీరభద్రయ్య మనుషులు కిందికి లాగేశారు.

"పని పోయిందని ఊరిని బెదరగొడుతున్నావా? మళ్లీ ఈ గడప తొక్కావో!" అని ఆయన కసిరాడు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే గోడ తడిసి కూలిపోయింది. పందుల మంద వీధిలో పడింది. వీరభద్రయ్య మేడ మీదికెక్కి తలుపు వేసుకున్నాడు. వీధిలో నడవగలిగినవాళ్లంతా పరుగెత్తారు. అప్పన్న పరుగెత్తలేకపోయాడు.

కాలువ నుంచి నీళ్లు తెస్తున్న పైడమ్మ ఆ కేకలు విని కడవ వదిలేసి పరుగున వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. సగం అల్లిన బుట్ట అప్పన్న చేతిలోనే ఉంది.

పంచాయితీ కూర్చుంది. "పైడమ్మ పనితనం అలాంటిది. ఆ రోజుల్లో సరిగా చేసి ఉంటే గోడ నిలిచేదే" అన్నాడు వీరభద్రయ్య.

పైడమ్మ లేచింది. ఊరిపెద్ద కూర్మయ్యను కంచె దగ్గరికి తీసుకెళ్లింది. పచ్చటి పలక మీద బొటనవేలు నొక్కితే, వేలు లోపలికి దిగిపోయింది. పూలకుండీ జరిపి ఊచను తట్టితే మొదలు పొడిపొడిగా రాలింది. కూలిన గోడ చూపించి, "ఈ చివర రెండు ఆకులున్నంత మేర నిలిచే ఉంది, చూడండి" అంది.

కూర్మయ్య తల దించుకున్నాడు. "తప్పు నీదే వీరభద్రయ్యా. ఇకనుంచి కంచె మీద మాట పైడమ్మదే. ఆమె చెప్పినట్టు నువ్వే మట్టి మోయాలి" అన్నాడు.

ఊరంతా సెబాసంది. వీరభద్రయ్య చేతులు జోడించాడు. "అమ్మా, ఇక నీ మాట జవదాటను."

"మూడేళ్లు చెప్పాను బాబూ. అప్పుడు వినుంటే నా ఇంట్లో దీపం ఆరేది కాదు" అంది పైడమ్మ. ఆయన ముఖం వైపు కూడా చూడలేదు.

పెద్దకర్మ మర్నాడే ఆమె మట్టి తొక్కడానికి దిగింది. వీధిలో పిల్లలున్నారు మరి. ఆమె గెలిచిందని అందరూ చెప్పుకున్నారు. ఆమెకు మాత్రం ఆ గెలుపు ఎందుకో తెలియలేదు.

కీడు రాకుండా ఆపే పని కంటికి కనబడదు. కనబడలేదని దాన్ని కాదన్నవాడి తప్పుకు బలయ్యేది మరొకరు.