తడి గోనెలో నూరు గింజలు

ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ వరదాంబకు లేదు. అనంతపురంలోని ఆమె సంతాన సాఫల్య కేంద్రంలో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్ స్ఫూర్తికి ఆ అలవాటు మింగుడుపడేది కాదు. స్ఫూర్తి చాలా చదివింది, చదివిందల్లా నినాదంగా మార్చుకుంది. ఆశను అమ్మడమూ దోపిడీయే అన్నది ఆ నినాదాల్లో ఆమెకు బాగా నచ్చినది. ఒక సోమవారం దాన్నే ప్రశ్నగా గురువు ముందు పెట్టింది. నలభై నాలుగేళ్ల ఓబులమ్మ వేరే ఊళ్లో రెండేళ్లు వైద్యం చేయించుకుంది. అక్కడ రెండుసార్లు ప్రయత్నించినా ఫలించక, మళ్లీ తన అండాలతోనే ప్రయత్నిస్తానని ఇక్కడికి వచ్చింది. నూటికి మూడు పాళ్లే అవకాశం ఉన్న మనిషిని సూదుల పాలు చేయడం న్యాయమేనా? తల్లి కాకపోతే బతుకు వృథా కాదని నచ్చజెప్పి పంపడం కదా మన బాధ్యత?

"నచ్చజెప్పావా?" అంది వరదాంబ.

అరగంట చెప్పానంది స్ఫూర్తి. ఓబులమ్మ అంతా శ్రద్ధగా విని, ఆ ముక్క మా అత్తకు కూడా ఒకసారి వచ్చి చెప్పిపోమ్మా అందట.

"మరి నూటికి మూడని చెప్పావా?"

చెప్పలేదు. పొలం పని చేసుకునే మనిషికి శాతాలేం అర్థమవుతాయి, ఊరికే గుండె పగులుతుందని ఊరుకుంది.

వరదాంబ ఓబులమ్మను లోపలికి పిలిపించింది. బయట గోడ నిండా అక్కడి వైద్యంతో పుట్టిన పిల్లల ఫోటోలు. ఓబులమ్మ ఎప్పుడొచ్చినా ఆ గోడ దాటేదాకా తలెత్తదు. ఆమె కూర్చున్నాక వరదాంబ వైద్యం మాటే ఎత్తలేదు. విత్తనం శనక్కాయలు బాగున్నదీ లేనిదీ ఎట్లా తెలుసుకుంటారని అడిగింది.

ఓబులమ్మ ముఖం విప్పారింది. నూరు గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెలో పరిచి, చుట్టి నీడన పెడతామంది. గోనె ఆరకుండా నీళ్లు చల్లుతుంటే ఐదో రోజుకు తెలిసిపోతుందట. ఎనభై మొలిస్తే దిగుల్లేదు. యాభై అయితే ఒత్తుగా విత్తాలి. మరీ తక్కువైతే వేరే విత్తనం తెచ్చుకోవాలి, లేదంటే ఆ ఏడు బీడు పెట్టాలి. విత్తనం పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది, అది ఎవరి తప్పూ కాదు.

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"నావి నూటికెన్నమ్మా?"

"మూడు," అంది వరదాంబ. దాత అండంతో అయితే అవకాశం ఎక్కువని, ఏమీ చేయకుండా ఆగిపోవడమూ ఒక దారేనని చెప్పింది.

ఓబులమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "రెండేండ్లు తిరిగితినే, ఈ అంకె నాకు ఒక్కరూ చెప్పల్యా," అంది. ఆ మాటలో నింద లేదు. అయినా స్ఫూర్తి తల దించుకుంది. "ఇంగొకరి అండానికి నా మనసొప్పదు. ఒక్కసారి నావే ఏసి చూస్తా. మొలవకపోతే బీడే. మళ్లీ నేనొచ్చి బతిమాలినా ఎనక్కి పంపీయండి."

బయట కూర్చున్న భర్తను పిలిచి ఆ అంకె అతనికి తనే చెప్పింది.

పిండాన్ని గర్భంలో ఉంచిన పద్నాలుగో రోజు రక్తపరీక్ష ఫలితం స్ఫూర్తి చేతికొచ్చింది. ఎన్నో ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంది గానీ, ఓబులమ్మ "మొలిచిందా?" అని అడిగితే "లేదమ్మా" అని మాత్రమే అనగలిగింది. ఓబులమ్మ ఏడ్చింది. ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, బస్సుకు టైమైందని లేచింది. గోడ దగ్గరికి వచ్చాక ఆగింది. ఫోటోలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, బుగ్గలు ఉబ్బిన ఒక పిల్లాడి దగ్గర భర్త మోచెయ్యి లాగింది. "వీన్ని చూడు, అచ్చం మన ఎమ్మార్వో మాదిరుండాడు."

స్ఫూర్తి విసురుగా గురువు గదిలోకి వచ్చింది. తాను అన్నప్పుడే పంపేసి ఉంటే ఆ సూదులైనా తప్పేవి కదా, ఇంతా చేసి ఏం సాధించామని అడిగింది.

వరదాంబ తర్వాతి ఫైలు ఆమె వైపు జరిపింది. దాని మీద వయసు నలభై మూడని ఉంది.

"ఓబులమ్మ ఆ గోడ వైపు చూడటం ఇదే మొదలు," అంది. "ఈమెను పిలువు. అంకె నువ్వే చెప్పు."