పసరు సీసా

త్రిపురాంబ గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ప్రయోగశాలలో ఆవిడ పక్క బల్ల దగ్గర పనిచేసే నాకు ఆ పద్ధతి చూస్తే ఒళ్లు మండేది. ఎదుటివాడు ప్రాణాలు ఉగ్గబట్టుకొని అడుగుతుంటే రెండు ముక్కలు చెబితే ఆవిడ సొమ్మేం పోతుంది?

ఆవిడ శిష్యుడు పోలినాయుడు శ్రీకాకుళం వైపు రైతుబిడ్డ. నూర్పుల్లో వరికంకి గుచ్చుకొని వాళ్ల అయ్య కంట్లో పుండు పడింది, పుండులో బూజు చేరింది. ఆసుపత్రి చుక్కలు వేస్తున్నారు గానీ గుణం బహు నెమ్మది. పోలినాయుడు అదే జాతి బూజును గాజుపళ్లాల్లో పెంచి, దాని మీద రకరకాల ఆకుల పసర్లు పరీక్షించాడు. నందివర్ధనం ఆకును స్పిరిట్‌లో నానబెట్టి తీసిన పసరు చుట్టూ బూజు మొలవలేదు. పిచ్చివాడు, ఎంత సంబరపడ్డాడో!

ఆ మధ్యాహ్నం పళ్లెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "మేడమ్, పళ్లెంలో చచ్చింది కంట్లో చావదా? మా అయ్యకి ఎందుకు వెయ్యకూడదు?"

ఆవిడ మాంసం కొట్టు నుంచి అప్పుడే కోసిన మేక కళ్లు రెండూ తెప్పించారు. ఒకదాని మీద ఉప్పునీళ్ల చుక్క, రెండోదాని మీద పసరు చుక్క అతని చేతే వేయించి, "టీ తాగి రా" అన్నారు. తిరిగొచ్చి చూస్తే మొదటి కన్ను తేటగానే ఉంది. రెండోది ఉడికిన గుడ్డు తెల్లసొనలా అయిపోయింది.

"ఇందులోంచి ఏం కనబడుతుంది నాయనా?"

పోలినాయుడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "పొద్దున్నే బస్సులో సీసా పంపేశాను మేడమ్" అన్నాడు. అడిగి చెయ్యాల్సింది, చేసి అడిగాడు. ఫోన్ కలిపితే వాళ్లమ్మ గొంతు నాకూ వినబడింది.

"ఏసేసినాను బాబూ! మంట మంటని అరస్తన్నాడు. మంటెత్తిందంటే మందు పట్టినట్టే గదేటి?"

త్రిపురాంబ గారు ఫోన్ లాక్కున్నారు. మంచినీళ్లతో కడుగుతూనే ఉండమని, అలాగే కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లమని అరిచి చెప్పారు. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. కడిగారు, తీసుకెళ్లారు. కానీ ఆ కంటికి చూపు దక్కలేదు.

పోలినాయుడు ఊరికి వెళ్లలేదు. వాళ్ల అయ్య పల్లెత్తు మాట అనలేదట. పైగా "మా వోడు సొంతంగా చేసిన మందు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడట. అదే వీణ్ణి నిలువునా కోసేసింది. "ఏ మొహం పెట్టుకొని వెళ్లను మేడమ్?" అని బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. ఈసారైనా ఆవిడ ఓదారుస్తారేమోనని చూశాను.

త్రిపురాంబ గారు అతని సంచి తెచ్చి ఒళ్లో పెట్టారు.

"ఆయనకి ఇంకో కన్నుంది నాయనా. వెళ్లి దాని ముందు నిలబడు."